కనపడని కాలం

డ్రైవరు టీ తాగడానికి దిగగానే ఫనుయేల్ లారీ పక్క అద్దం దగ్గరికి వెళ్ళి నోరు తెరిచాడు. వెలుతురు పడేలా మెడ వంచి, నాలుక బయటపెట్టి అంచులు చూసుకున్నాడు. మధ్యలో తెల్లగా పూత ఉంది. నిన్న కూడా ఉంది. నిన్నటికంటే ఎక్కువుందో తక్కువుందో మాత్రం తేలడం లేదు. గోటితో గీకి చూశాడు. కొంత పోయింది. గీకితే పోయే తెలుపు మంచిదనీ, పోనిది చెడ్డదనీ ఎక్కడో విన్నాడు. కొంత పోయి కొంత మిగిలే తెలుపు సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఏం బావా, పళ్ళు లెక్కపెట్టుకుంటున్నావా?" వెనక నుంచి బిజ్విక్ గొంతు. "ముప్పైరెండూ ఉన్నాయా, సలీమాలో ఎవరికైనా రెండు ఇచ్చొచ్చావా?"

ముఠాలో నలుగురూ నవ్వారు. ఫనుయేల్ కూడా నవ్వాడు. నవ్వుతూనే గడ్డం గోక్కుంటున్నట్టు దవడ కింద వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. ఎడమవైపు బిళ్ళ అక్కడే ఉంది, సెనగ గింజంత.

అది ఇరవై ఆరో రోజు.

వాళ్ళది కరెంటు స్తంభాలు పాతే ముఠా. సలీమా దగ్గర సరస్సు ఒడ్డు పల్లెల్లో ఆరు వారాలు గోతులు తవ్వి, దుంగలు నిలబెట్టి, తీగ లాగి, ఇప్పుడు దోవా కొండల వైపు వచ్చారు. ఆ ఆరు వారాల చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఫ్లోనీ అనే ఆవిడ దగ్గర ఫనుయేల్ వేయించిన చేప తిన్నాడు. తినేసి లేవబోతుంటే ఆమె "ఇంకో ముక్క తిను, అంత తొందరేంటి" అంది. తరవాత చాలా రోజులు అతను తన తప్పుకి మొదలెక్కడా అని వెతుక్కుంటే ప్రతిసారీ ఆ మాట దగ్గరే ఆగాడు. భార్య ఎనెలేసి నిండు చూలాలు, కసేకా పల్లెలో తల్లి దగ్గరుంది. ఇంకో ముక్క తినమని అతనికి చెప్పినవాళ్ళు ఆరు వారాలుగా లేరు. అంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరికితే తనని తాను కాస్త గౌరవించుకునేవాడేమో.

కండోమ్ తీసింది ఆమే. "నాకు ఇద్దరు పిల్లలున్నారు. నీ సరదా కోసం వాళ్ళని దిక్కులేనివాళ్ళని చెయ్యను" అంది. అయ్యాక దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూపించింది కూడా. "చూసుకో. చుక్క కారలేదు. మళ్ళీ నా పేరు చెప్పి భయపడకు." అతను చూశాడు. చిరుగు లేదు, కన్నం లేదు.

కానీ చూసింది కన్ను, భయం ఇంకెక్కడో ఉంటుంది. నాలుగు రోజులు బాగానే ఉన్నాడు. ఐదో రోజు తీగ లాగుతుంటే చూపుడువేలు మీద పాత కోత ఒకటి మండింది. ఆ కోత ఆదివారం నాడు ఉందా, తరవాత తెగిందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గుర్తు రాని ఆ ఒక్క చోటు నుంచి భయం లోపలికి వచ్చింది. వచ్చింది ఊరికే కూర్చోలేదు, ఒళ్ళంతా తిరిగి తనకి పని వెతుక్కుంది. మోచేతి మీద దద్దుర్లు కనిపించాయి. దుంగలకి పూసే తారుమందువల్ల ముఠా మొత్తానికీ ఉన్నాయి, అతనివి మాత్రం వేరే అనిపించాయి. మూడో వారం జ్వరం వచ్చింది. హెల్త్ సెంటరుకి వెళ్ళి వేలు గుచ్చి రక్తం తీస్తున్నప్పుడు, జీవితంలో మొదటిసారి మలేరియా కావాలని దేవుణ్ణి వేడుకున్నాడు. "మలేరియా లేదయ్యా, సంతోషించు" అన్నాడు కుర్ర కాంపౌండరు. ఫనుయేల్ గోడ పట్టుకుని బయటికొచ్చాడు.

అతనికి ఆ జబ్బు కాగితాల మీద తెలిసింది కాదు. తొమ్మిదేళ్ళప్పుడు అక్క లినేసి పక్కన చాప మీద కూర్చుని, వేపకొమ్మతో ఈగలు తోలాడు. మాత్రలు ఇంకా రాని రోజులవి. ఒళ్ళు ఏ వరసలో ఓడిపోతుందో ఆ చాప పక్కన నేర్చుకున్నాడు. ముందు చెమటలకు గుడ్డలు తడుస్తాయి, తరవాత మెడలో బిళ్ళలు కడతాయి, తరవాత నోరు పూస్తుంది, జుట్టు పసిబిడ్డ జుట్టులా మెత్తబడుతుంది. ఆమె తాగిన కప్పుతో తాగొద్దని పెద్దవాళ్ళు చెప్పారు. ఒకరోజు అక్క మంచినీళ్ళడిగితే అతను కప్పు ఇవ్వలేదు, తుప్పు పట్టిన రేకుడబ్బాలో పోసి, దూరం నుంచి చెయ్యి చాచి ఇచ్చాడు. ఆమె డబ్బావైపు చూసింది. తరవాత తాగింది. అంతే జరిగింది. ఆ చూపుకి ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని అతనికి లోపల్లోపల ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు ఒంట్లో ప్రతి నొప్పీ ఆ జవాబు కోసం పిలుపులాగే వినిపిస్తోంది.

ముప్పయ్యో రోజున మళ్ళీ హెల్త్ సెంటరుకి వెళ్ళాడు, ఈసారి చివరి గదికి. అక్కడ రక్తపరీక్ష చేసే సిస్టర్ ఎస్నాట్ యాభై దాటిన మనిషి. కళ్ళజోడు ముక్కు చివర్న పెట్టుకుని అతను చెప్పిందంతా విన్నది. వేలు గుచ్చి, చుక్క తీసి, గడియారం చూసి, చివరికి పరీక్ష పట్టీ అతనివైపు తిప్పింది.

"ఒకటే గీత. ఇవాళ్టికి లేదు."

"ఇవాళ్టికి అంటే?"

"అంటే ఇవాళ్టికి. రక్తంలోకి అది వచ్చినా కొన్నాళ్ళపాటు పరీక్షకి దొరకదు నాయనా. కనపడని కాలం అంటాం. మూడు నెలలు నిండాక ఇంకోసారి రా. జరిగిన మూడు రోజుల్లోపే వచ్చుంటే ఆపే మాత్రలైనా ఇచ్చేదాన్ని. కానీ తొడుగు చిరగలేదంటున్నావు, కళ్ళతో చూశానంటున్నావు. నీకు ఏమీ లేదనే నేననుకుంటున్నా."

"మరి ఈ బిళ్ళ?"

"నోరు తెరువు." ఆమె చిన్న టార్చి వేసి చూసింది. "దవడ పన్ను పుచ్చి గొయ్యి పడింది. బిళ్ళ దానిది. నువ్వు పన్ను డాక్టరు దగ్గరికెళ్ళాలి, నా దగ్గరికి కాదు."

"నాలుక తెల్లగా..."

"టీ మానెయ్." ఆమె టార్చి ఆర్పింది. "ఇంటికెళ్ళు. నువ్వు బతికే ఉన్నావు. నీ భార్యకి నీ అవసరం ఉంది."

రెండు రోజులు అతను మనుషుల్లో మనిషిగా తిరిగాడు. బిజ్విక్ మీద జోకులు కూడా వేశాడు. మూడో రోజుకల్లా ఆమె చెప్పినవన్నీ జారిపోయి, ఒక్క మాట మిగిలింది. కనపడని కాలం. తను దానిలోపల ఉన్నాడు. అక్కడ ఏమీ లేకపోవడం, ఉండీ కనపడకపోవడం ఒకేలా ఉంటాయి.

అప్పటికి కూతురు పుట్టి పదిహేను రోజులు. తలాండిర అని పేరు పెట్టారు. ఆ పక్క మగవాళ్ళందరూ ఇల్లరికమే. పెళ్ళయితే భార్య ఊళ్ళో, ఆమె తల్లి వాకిట్లో కాపురం. పిల్లలు ఆమె వంశం. పెత్తనం ఆమె మేనమామది. ఫనుయేల్ శనివారాలు సైకిలు మీద కసేకాకి వచ్చి, బిడ్డని గుమ్మం ఇవతలి నుంచి చూసేవాడు. బిడ్డనెత్తే రోజు వచ్చేదాకా తండ్రి ముట్టుకోకూడదు. కొత్త బిడ్డ చల్లగా ఉంటుంది, తండ్రి వేడి తగిలితే ఓర్చుకోలేదు. పెద్దలు పెట్టిన రోజు రాత్రి తల్లీ తండ్రీ మళ్ళీ ఒక పక్క మీద కలుస్తారు. మర్నాడు బిడ్డ నడుముకి పూసల తాడు కడతారు. అప్పుడు బిడ్డ ఈ లోకపు బిడ్డవుతుంది, ఎవరైనా ఎత్తుకోవచ్చు. ఆలోగా తండ్రి వేరే ఆడదాని దగ్గరికి పోయి బిడ్డని ముట్టుకుంటే బిడ్డకి 'కోత' అనే దోషం తగులుతుంది. దగ్గి దగ్గి, చిక్కి, పోతుంది. అక్కడ ఎవరినడిగినా కోతతో పోయిన బిడ్డ పేరు ఒకటి చెబుతారు.

అత్త నాంబేవే అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. అది మర్యాద. ఏం చెప్పాలన్నా గోడకో కోడికో చెప్పేది.

"ఓ కోడీ," అందొక శనివారం, ముఖం అటు తిప్పుకుని, "ఇంటికొచ్చినవాళ్ళు తిండి సగం వదిలేస్తున్నారు. మా వంట రుచించడం లేదో ఏమో అడుగు."

"బాగుందని చెప్పు కోడీ. పన్ను నొప్పి" అన్నాడు ఫనుయేల్.

ఎనెలేసి లోపల పకపకా నవ్వింది. అతను మళ్ళీ చాలా కాలం ఆ నవ్వు వినలేదు.

ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళిద్దరూ వాగుకి వెళ్ళారు. బిడ్డ లోపల ఏడుపందుకుంది. ముందు మామూలు ఏడుపే. తరవాత ఊపిరి అందని ఏడుపు. అతను గుమ్మంలో నిలబడ్డాడు. కోతని అతను నమ్మడు. పట్నంలో పదో తరగతి చదివాడు. పైగా రక్తం సంగతీ తెలుసు, ఎత్తుకుంటే అంటుకునేది కాదని తెలుసు. అయినా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కొంతసేపు నిలబడ్డాడు. చివరికి లోపలికి వెళ్ళి ఎత్తుకున్నాడు. బిడ్డ అతని మెడ మీద తడి ముఖం ఆనించి ఏడుపు ఆపేసింది. వాళ్ళు వచ్చేసరికి మళ్ళీ చాప మీద పెట్టేశాడు. కానీ బిడ్డ తలకి అతని చొక్కా మీది తారు వాసన అంటింది. ఎనెలేసి ఆ వాసన పసిగట్టింది. అప్పటికి ఆమెకి తెలిసిన తప్పేం లేదు, తొందరపడ్డ తండ్రి తప్ప.

జూలైలో మేనమామ జొరామ్ రోజు పెట్టాడు. ఫనుయేల్ లెక్కపెట్టుకున్నాడు. అది అతని డెబ్బై ఐదో రోజు. పరీక్ష తొంభయ్యో రోజున.

"మావయ్యా, ఇంకో పదిహేను రోజులు ఆగితే?"

జొరామ్ ముక్కుపొడుం డబ్బా మూత పెట్టి అతన్ని పైనుంచి కిందకి చూశాడు. "పదిహేను రోజుల్లో ఏం మారుతుందిరా? చంద్రుడా, నువ్వా?"

"పని ఒత్తిడి..."

"స్తంభాలు పాతే పనిలో సెలవు దొరకదంటావు గానీ, ఇల్లు నిలబెట్టుకోడానికైతే దొరుకుతుంది. అడుగు." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "చూడు అల్లుడూ, రోజు తప్పించుకునే తండ్రిని ఊరు ఒక్క ప్రశ్నే అడుగుతుంది. అది నాతో అడిగించకు."

దారి ఒకటే కనిపించింది. డెబ్బై మూడో రోజున, ఎనెలేసి ఇంటి వెనక ఎండలో కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుస్తుంటే, పక్కన కూర్చుని జేబులోంచి చిన్న పొట్లం తీసి ఆమె చేటలో పెట్టాడు.

"ఇదేంటి?"

"ఆ రోజుకి. పిల్ల ఇంకా చిన్నది కదా. అప్పుడే ఇంకో కడుపు వద్దని."

ఎనెలేసి పొట్లాన్ని తాకలేదు. "దానికి సూదిమందుంది. నెల కిందే వేయించుకున్నాను, నీకు చెప్పాను కూడా. బిడ్డనెత్తే రోజు ఇలాంటివి ఎవరూ పెట్టుకోరని నీకు తెలుసు." కాయ ఒకటి చిట్లించి గింజలు చేటలో వేసింది. "నన్ను కాపాడ్డానికి తెచ్చినట్టున్నావు. దేన్నించి?"

అతను ఇన్ని రోజులుగా మనసులో తయారుచేసుకున్న అబద్ధాల్లో అప్పుడు కావాలంటే ఒక్కటీ దొరకలేదు. చెప్పేశాడు. సలీమా, ఆదివారం, చేపలావిడ. తొడుగు చిరగలేదని రెండుసార్లు చెప్పాడు. బిళ్ళ గురించి, అద్దం గురించి, జ్వరం గురించి, మూడు నెలల గురించి చెప్పాడు. చెబుతుంటే ఆశ్చర్యంగా తేలికపడ్డాడు. ఇప్పుడు ఇద్దరు మోస్తారు కదా అనుకున్నాడు.

ఎనెలేసి చేతులు ఆగలేదు. ఒలుస్తూనే ఉంది.

"నేను నిండు కడుపుతో ఉండగా."

"అవును."

"తరవాత బిడ్డని ఎత్తుకున్నావు."

"ఎనెలేసీ, ఎత్తుకుంటే ఏం కాదు. అది రక్తం వల్ల తప్ప..."

"నేను అడిగేది నీ రక్తం గురించి కాదు. మంగళవారం నుంచి తలాండిర దగ్గుతోంది."

"జలుబు! ఈ చలికి ఊరంతా దగ్గుతోంది. కోత అనేది లేదు. అసలు నేను తొడుగు వేసుకున్నాక..."

"తొడుగు వేసుకుంటే ఏమీ కాదా?"

"కాదు."

"అంత తెలిసినవాడివి, ఇన్నాళ్ళూ అద్దంలో ఏం చూసుకుంటున్నావు?"

ఆమె భయాన్ని తను ఎక్కడి నుంచి చూసి నవ్వుతున్నాడో, తన భయాన్ని సిస్టర్ ఎస్నాట్ అక్కడి నుంచే చూసిందని ఆ క్షణం అతనికి తెలిసింది. తెలిసినంత మాత్రాన ఎవరి భయమూ తగ్గలేదు.

"మామయ్యకి నేను చెప్పుకుంటాను," అంది ఎనెలేసి. "నువ్వు వెళ్ళు. ఈ పొట్లం తీసుకెళ్ళు."

అతను వెళ్ళాడు. సైకిలు తొక్కుతూ దిగుల్లోనే తనమీద తనకి కొంచెం గౌరవం కూడా కలిగింది. ఎంత పోయినా, ఆమెకి నా రక్తం అంటకుండా చేశాను కదా. ఇంకా పదిహేడు రోజులు. కాగితం చేతికొస్తే కాళ్ళ మీద పడతాను, జొరామ్ తిట్టే తిట్లన్నీ తింటాను, అంతా సర్దుకుంటుంది. రోజులు తనకొక్కడికే నడుస్తున్నాయనుకున్నాడు.

రెండుసార్లు ఫోన్ చేశాడు, ఆమె తియ్యలేదు. పెద్దలు కబురు పెడతారేమోనని చూశాడు, రాలేదు. గుంపులో ఒంటరిగా గోతులు తవ్వాడు. బిజ్విక్ ఒకరోజు పలుగు పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"బావా, నవ్వులాటకి కాదు. ఇంట్లో ఏమైనా పోట్లాటా?"

"ఊఁ."

"అయితే వెళ్ళు. నేను రెండుసార్లు పోట్లాడి రెండుసార్లూ ఇక్కడే కూర్చున్నాను. ఇప్పుడు నాకు ఇద్దరు మాజీ అత్తలున్నారు."

"కాగితం రానీ, వెళ్తాను."

"ఏం కాగితం?"

ఫనుయేల్ మళ్ళీ గోతిలోకి దిగాడు.

తొంభయ్యో రోజు పొద్దున ఎనిమిదింటికే ఆ చివరి గది ముందు కూర్చున్నాడు. ఎస్నాట్ పట్టీ తిప్పి చూపించింది.

"లేదు. ఇక లేదు. పన్ను పీకించుకున్నావా?"

"పీకించుకున్నాను. సిస్టర్, ఇది కాగితం మీద రాసి ముద్ర వేసిస్తారా?"

"ఎవరికి చూపిస్తావు?"

"నా భార్యకి."

ఆమె రాసి, ముద్ర వేసి, ఇవ్వబోతూ అతని ముఖం చూసి ఒక క్షణం ఆగింది. తరవాత ఇచ్చింది. బయటికొచ్చాక సంతోషం వస్తుందని చాలాసేపు ఎదురు చూశాడు. కాళ్ళలో బలం వచ్చిందిగానీ, సంతోషం రాలేదు. ఇన్నాళ్ళూ ఒంట్లో కాపురమున్నది ఖాళీ చేసి వెళ్ళినట్టుంది, అంతే.

కసేకా పన్నెండు కిలోమీటర్లు. కొండ మీద మంచు ఇంకా విడలేదు. వాకిట్లో సైకిలు దిగేసరికి అత్త నాంబేవే బిడ్డని ఒళ్ళో వేసుకుని ఎండకి కూర్చుంది. అతన్ని చూసి అలవాటుగా ముఖం తిప్పుకోలేదు. సూటిగా చూసింది.

"ఇప్పుడా వచ్చావు, అల్లుడూ" అంది.

ఐదేళ్ళలో ఆమె అతనితో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. అతనికి భయమేసింది. అప్పుడు బిడ్డ కాళ్ళాడించింది, గుడ్డ పక్కకి జరిగింది. నడుముకి పూసల తాడుంది. తెల్లపూస, ఎర్రపూస, కొత్త తాడు.

అతను ఆ తాడునే చూస్తూ నిలబడ్డాడు. ఎత్తాల్సిన తండ్రి లేకుండానే బిడ్డనెత్తడం అయిపోయింది.

తండ్రి చచ్చిపోతేనో, రాకుండా పోతేనో అతని బదులు ఆ రాత్రి తల్లితో పడుకోవడానికి ఒక మనిషిని పిలిచేవాళ్ళు. దుమ్ములగొండి అనేవాళ్ళు. పొద్దు పోయాక వచ్చి, తెల్లవారకముందే పోయేవాడు. ఆ పల్లెలన్నిటికీ పెద్ద నాయకుడు అది మానెయ్యాలని చాటింపు వేయించి పదేళ్ళయింది. అందరూ మానేశామని చెప్పుకుంటారు.

ఎనెలేసి ఇంటి వెనక నుంచి నీళ్ళ బిందెతో వచ్చింది. దించి, చేతులు తుడుచుకుంది. చిక్కిపోయింది.

"ఎప్పుడు?" అన్నాడు.

"మొన్న."

"ఎవరు?"

"వాగవతలి మనిషి. మామయ్య తెచ్చాడు."

"తొడుగు?"

ఎనెలేసి అతన్ని చూసింది. "నువ్వు అడగాల్సింది అదేనా?" తరవాత అంది, "లేదు."

"బలవంతం చేశారా?"

"నా చేతులెవరూ కట్టెయ్యలేదు. పెట్టిన రోజు దాటాక పదమూడు రోజులు రోడ్డు వైపు చూశాను. పిల్ల దగ్గు పెరిగింది. ఒకరోజు పాలు తాగలేక పెదాలు నీలంగా అయిపోయాయి. అమ్మ ఏడ్చింది. మామయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. నేనే సరేనన్నాను." బిడ్డవైపు చూసింది. "కళ్ళు మూసుకుని వంద దాకా లెక్కపెట్టాను. తరవాత మళ్ళీ ఒకటి నుంచి."

"నాకు ఒక్క ఫోన్ చేసుంటే..."

"చేస్తే ఏమనేవాడివి? కాగితం రానీ, అనేవాడివి."

కాగితం అతని జేబులో ఉంది. దాన్ని తియ్యలేదు. ఆమె కోసమే ఆగానని చెప్పాలనుకున్నాడు. ఆగినందువల్ల ఆమెకి దక్కింది ఏమిటో ఎదురుగా కనపడుతోంది.

"నిన్నటి నుంచి దగ్గు తగ్గింది," అంది నాంబేవే, వాదించడానికి కాదు, ఎవరైనా ఔననాలని. "కావాలంటే ఛాతీ మీద చెవి పెట్టి చూడు."

జలుబు పదిహేను రోజులకి తగ్గుతుందని అతను అనలేదు. మనసు లెక్కలు కట్టేస్తోంది. మొన్న పొద్దు పోయాక. నిన్న ఒకటి. ఇవాళ మధ్యాహ్నం కాలేదు. మూడు రోజులు ఇంకా నిండలేదు.

"ఎనెలేసీ, ఇప్పుడే హెల్త్ సెంటరుకి వెళ్దాం. మూడు రోజుల్లోపు వేసుకుంటే ఆపే మాత్రలున్నాయి."

"నీకు లేదన్నారా?"

"లేదన్నారు."

"ఇవాళా?"

"ఇవాళ పొద్దున."

ఆమె ముఖంలో ఏదో చిన్నగా వచ్చిపోయింది, నవ్వో ఏడుపో తెలియలేదు. లోపలికి వెళ్ళింది. కొంగుగుడ్డ తెచ్చి, తల్లి ఒళ్ళోంచి బిడ్డని తీసి వీపున కట్టుకుంది.

"నీ కోసం రావడం లేదు," అంది. "పాలిచ్చేది నేను."

వెనక సీటు మీద ఒకవైపుకి కూర్చుంది. అంత దారిలోనూ అతని నడుము పట్టుకోలేదు, సీటు కింది కమ్మీ పట్టుకుంది. ఎత్తుల దగ్గర దిగి పక్కన నడిచింది. ఎండిన మొక్కజొన్న చేలల్లో గాలి గరగరమంటోంది.

సిస్టర్ ఎస్నాట్ అన్నం తింటోంది. అతన్ని మళ్ళీ చూసి కళ్ళజోడు సర్దుకుంది. వెనక ఎనెలేసిని చూశాక గిన్నె పక్కన పెట్టేసింది. ఫనుయేల్‌ని బయటికి పొమ్మని తలుపు వేసింది. లోపల ఏం మాట్లాడుకున్నారో అతనికి వినపడలేదు. గోడకానుకుని నిలబడి, తన ఒళ్ళు ఎంత నిశ్శబ్దంగా ఉందో గమనించాడు. ఏ నొప్పీ లేదు. మూడు నెలల్లో మొదటిసారి.

తలుపు తెరిచాక ఎస్నాట్ గుమ్మంలో నిలబడి ఇద్దరికీ కలిపి చెప్పింది. "ఇవాళ ఆమెకి లేదు. మాత్రలు ఇరవై ఎనిమిది. రోజూ ఒకే వేళకి. మొదటి మాత్ర వేసుకుంది. కడుపులో తిప్పుతుంది, మానకూడదు. మూడు నెలలకి మళ్ళీ పరీక్ష. పాలివ్వచ్చు. బిడ్డ ఛాతీ చూశాను, కాస్త కఫం ఉంది, మందిచ్చాను."

"ఈ మూడు నెలలూ నేనేం చెయ్యాలి?" అంది ఎనెలేసి.

"ఏముంది తల్లీ. తిను, పడుకో, చేనుకెళ్ళు. మాత్ర మరిచిపోకు."

"ఈయన ఏం చేశాడు?"

సిస్టర్ అతనివైపు చూసింది. "ఆయన చేసింది నువ్వు చెయ్యకు" అని లోపలికి వెళ్ళిపోయింది.

బయట బల్ల మీద కూర్చుని ఎనెలేసి బిడ్డకి పాలిచ్చింది. ఫనుయేల్ పక్కన కూర్చున్నాడు. ఆమె తల వంచుకుంటే మెడ ఎండలో కనపడుతోంది. తనకి తెలియకుండానే అతని చూపు చెవి కింద నుంచి దవడ వెంబడి నెమ్మదిగా జారుతోంది. ఆమె తలెత్తింది. చూపు ఎక్కడుందో చూసింది. కొంగు లాగి మెడ చుట్టూ కప్పుకుంది.

"అట్లా చూడకు."

"నేను..."

"నా ఒంట్లో నువ్వు వెతక్కు ఫనుయేల్. ఏదైనా వస్తే నాకే ముందు తెలుస్తుంది. నాకు తెలిసేదాకా నన్ను బతకనీ."

అతను చేతుల వైపు చూసుకున్నాడు. "పెద్దలు ఏమంటారు?"

"వచ్చే నెల కూర్చుంటారట. విడిపోవాలనే అంటారు. నేనేం చెబుతానో నాకింకా తెలీదు." మందుసీసా గుడ్డ కొసన ముడేసుకుంది. "నన్ను రోడ్డు దాకా దింపు. అక్కణ్ణించి నడుస్తాను. నువ్వు వాకిట్లోకి రాకు."

"మరి నేను నీకేం చెయ్యను?"

ఎనెలేసి ఆలోచించింది. "రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ చెయ్యి. మాత్ర వేసుకున్నావా అని అడుగు. ఇంకేమీ అడక్కు."

మర్నాడు ఏడింటికి ముఠా లారీ దిగుతోంది. ఫనుయేల్ దూరంగా ఒక గోతి పక్కకి వెళ్ళి ఆమె నంబరు నొక్కాడు. రెండో మోతకే తీసింది.

"వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

వెనక కోళ్ళ అరుపు, చీపురు చప్పుడు. ఆమె గొంతు కొంచెం బొంగురుగా ఉంది. నిద్ర వల్లా? జలుబు వల్లా? వాంతి అయిందా? ఒళ్ళు వెచ్చగా ఉందా? రాత్రి చెమట పట్టిందా? ఇన్ని ప్రశ్నలూ నోటిదాకా వచ్చి నిలబడ్డాయి. ఒక్కొక్కటీ అతనికి బాగా తెలిసిందే.

"ఇంకేమైనా అడుగుతావా?" అంది ఎనెలేసి.

"లేదు."

"అడగాలని ఉందా?"

"ఉంది."

ఆమె వెంటనే ఫోన్ పెట్టెయ్యలేదు. కొంతసేపు ఇద్దరూ అటూ ఇటూ ఊపిరి విన్నారు. తరవాత పెట్టేసింది.